రైలుకీ రైలుకీ మధ్య ఎన్ని నిమిషాలు?

పాఠకుల ప్రశ్నలు, పట్టాల మనిషి జవాబులు

పోయిన సంచికలో మెట్రో గురించి మీ సందేహాలు రాయమన్నాం. వచ్చిన ఉత్తరాలన్నీ బెంగళూరు కడుగోడిలో మా ఇంటి డాబా మీద కూర్చుని రెండు సాయంత్రాల్లో చదివాను. కొత్త పాఠకుల కోసం నా గురించి ఒక్క మాట చెబుతాను. పుట్టింది గుంతకల్లు రైల్వే కాలనీలో, నాన్న గ్యాంగ్‌మన్. నేను డిప్లొమా చేసి ముందు పెద్ద రైల్వేలో, తర్వాత మెట్రోలో, మొత్తం ముప్ఫై నాలుగేళ్లు పట్టాల పనే చేశాను. అందుకే పట్టాలు, రైళ్లు, రాత్రిపూట జరిగే పనుల మీద వచ్చిన ప్రశ్నలనే తీసుకుంటున్నాను.

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది హిందూపురం. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీలో పని. అక్కడికి వచ్చే మెట్రో ఎల్లో లైన్ స్తంభాలు లేచి, స్టేషన్లకి రంగులు వేసి కూడా ఎన్నో నెలలు రైలు రాలేదు. వచ్చాక మొదట్లో 25 నిమిషాలకి ఒకటి. ఒకటి తప్పితే షిఫ్టుకి లేటు. ఇంత డబ్బు పోసి కట్టినవాళ్లు రైళ్లు ఎందుకు కొనలేదు? పైగా డ్రైవర్ లేని రైలు అంటే మా ఇంట్లో ఆడవాళ్లకి టెన్షన్.
— ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: రైళ్లకి ఆర్డరు ఇవ్వకపోవడం కాదు బాబూ. 2019 చివర్లోనే ఒక చైనా కంపెనీకి 216 కోచ్‌ల ఆర్డరు వెళ్లింది. ఎక్కువ భాగం మన దేశంలోనే తయారు కావాలి. ఆ కంపెనీకి ఇక్కడ ఫ్యాక్టరీ ఏర్పాటు కుదరలేదు, మధ్యలో కోవిడ్ వచ్చిపడింది. చివరికి కోల్‌కతా దగ్గరి టీటాగఢ్ కంపెనీతో కలిసి చేయించాల్సి వచ్చింది. చైనాలో తయారైన మొదటి రైలు 2024 ఫిబ్రవరిలో బెంగళూరు చేరింది. లైన్ మొదలైంది 2025 ఆగస్టు 10న. అంటే రైలు ఊళ్లోకి వచ్చాక కూడా ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నర గురించి జనానికి సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. కొత్త రకం రైలు వస్తే ముందు దాన్ని డిపోలో నిలబెట్టి తలుపులు, బ్రేకులు, కరెంటు అన్నీ చూస్తారు. తర్వాత లైన్ మీద మెల్లగా, ఆపైన వేగం పెంచుతూ నడుపుతారు. ఖాళీ రైలు ఎంత దూరంలో ఆగుతుందో ఒకసారి, జనం బరువుకి సమానంగా బస్తాలు వేసి మరోసారి కొలుస్తారు. లక్నో నుంచి రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ వాళ్లు వచ్చి, ఏ వేగంలో కోచ్ ఎంత ఊగుతోందో పరికరాలతో రాసుకుంటారు. సిగ్నల్ వ్యవస్థతో రైలుకి సరిగ్గా మాట కలుస్తోందా లేదా అన్నది వేరే పరీక్ష. ఆఖరున మెట్రో రైల్ సేఫ్టీ కమిషనర్ వచ్చి అంతా చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడే వరకు ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించకూడదు. బయటి నుంచి చూసేవాళ్లకి "ఖాళీ రైళ్లు తిప్పుతున్నారు, మమ్మల్ని ఎక్కించుకోరు" అని కోపం వస్తుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ పరీక్షల్లో ఒక్కటి కూడా తగ్గించమని నేను అనను.

ఇక ఆ 25 నిమిషాలు. కాగితం తీసుకుని నువ్వే లెక్కవేసి చూడు. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్రకి 19 కిలోమీటర్ల పైన, 16 స్టేషన్లు. పోవడానికి సుమారు 35 నిమిషాలు, రావడానికి 35. రెండు చివర్లా రైలు వెనక్కి తిరగడానికి కలిపి ఐదు నిమిషాలు వేసుకో. ఒక చుట్టుకి 75 నిమిషాలు అయింది. మొదటిరోజు చేతిలో ఉన్నవి మూడు రైళ్లు. 75ని మూడుతో భాగిస్తే 25. సెప్టెంబరులో నాలుగో రైలు రాగానే 19 నిమిషాలకి, నవంబరులో ఐదోది రాగానే 15 నిమిషాలకి దిగింది. పత్రికల్లో వచ్చిన ఈ అంకెలన్నీ ఈ భాగహారంలోంచి వచ్చినవే. నీకు ఐదు నిమిషాలకో రైలు కావాలంటే ఆ దారిలో పదిహేను రైళ్లు తిరుగుతూ ఉండాలి. డిపోలో చెకింగ్‌లో ఉన్నవి, అత్యవసరానికి ఉంచుకున్నవి వీటికి అదనం.

అందుకే ఏ ఊళ్లో కొత్త లైన్ తెరిచినా నేను కిలోమీటర్లు అడగను. రైలుకీ రైలుకీ మధ్య ఎన్ని నిమిషాలు అని అడుగుతాను. మా భాషలో దాన్ని హెడ్‌వే అంటాం. 25 నిమిషాలంటే టైమ్‌టేబుల్ చూసుకుని బయల్దేరాలి. ఐదు నిమిషాలైతే టైమ్‌టేబుల్ మర్చిపోవచ్చు. షిఫ్టు పని చేసుకునేవాడికి ఈ తేడా జీతంలో తెలుస్తుంది.

డ్రైవర్ సంగతి ఇంట్లో ఇలా చెప్పు. రైలు తానెక్కడుందో రేడియో ద్వారా ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది. ముందు రైలు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగం వరకు పోవచ్చో దానికి జవాబు వస్తూ ఉంటుంది. ఆ మాట తెగితే రైలు ఆగిపోతుంది. బ్రేకు కూడా ఏదైనా పోతే పడేలా కడతారు గానీ, ఊడేలా కట్టరు. ఎల్లో లైన్ డ్రైవర్ లేకుండా నడిచేలా కట్టినదే అయినా, మొదలుపెట్టినప్పుడు లోపల ఆపరేటర్‌ని కూర్చోబెట్టే నడిపారు. ఆడవాళ్లని ఒక ఆదివారం నువ్వే వెంటబెట్టుకుని తీసుకెళ్లు.

ప్రశ్న: తాతయ్యా, మేము ధర్మవరం వెళ్లే రైలు టకటకా టకటకా అంటుంది. మెట్రో ఎందుకు అనదు?
— ఐదో తరగతి చదువుతున్న చిన్నారి, మారతహళ్లి

జవాబు: బంగారూ, ఈ ప్రశ్న నేనూ నీ వయసులో మా నాన్నని అడిగాను. అప్పట్లో పట్టా ముక్క పొడవు 13 మీటర్లు. ముక్కకీ ముక్కకీ మధ్య చిన్న ఖాళీ వదిలి, అటూ ఇటూ ఇనప బద్దీలు పెట్టి బోల్టులు బిగించేవాళ్లు. ఆ బద్దీని ఫిష్‌ప్లేట్ అంటారు. చక్రం ఆ ఖాళీ దాటినప్పుడల్లా టక్ మనేది. ఎండకి ఇనుము సాగుతుంది కాబట్టి ఆ ఖాళీ వదిలేవాళ్లు.

ఇప్పుడు ముక్కల్ని కరిగించి అతికించేస్తారు. మెట్రోలో కిలోమీటర్ల పొడవునా ఒకే పట్టా. మరి ఎండకి సాగదా అంటావేమో. ఒక కిలోమీటరు పట్టా, వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, 11 మిల్లీమీటర్లకి కాస్త పైన సాగాలని చూస్తుంది. తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ పట్టా వేడి 25 డిగ్రీలు పెరిగిందనుకో, 28 సెంటీమీటర్ల పైమాటే. నీ జామెట్రీ బాక్స్‌లో స్కేలు రెండుసార్లు పెడితే ఎంతో, దాదాపు అంత! కానీ ప్రతి అరమీటరు దూరానికో ఏమో, గట్టి క్లిప్పులు కాంక్రీటుకి అదిమిపట్టి ఉంచుతాయి. సాగాలన్న బలమంతా పట్టాలోనే ఉండిపోతుంది. అందుకే క్లిప్పు ఒక్కటి వదులైనా మాలాంటి వాళ్లు వదిలిపెట్టరు.

ఈసారి మెట్రో ఎక్కినప్పుడు, దారి రెండుగా చీలే చోట చెవి పెట్టి విను. అక్కడ మాత్రం ఒక చిన్న టక్ వినిపిస్తుంది.

ప్రశ్న: అయ్యా, మా అపార్ట్‌మెంట్ మెట్రో మలుపు పక్కనే. పగలు రైలు తిరుగుతుంటే కీచుమని శబ్దం. రాత్రి ఒంటిగంటకి ఇంకో గోల, మిషన్లు, లైట్లు, మనుషుల కేకలు. రాత్రి ఇంత పని చేసే బదులు ఆ సమయంలో కూడా రైళ్లు నడిపితే ఐటీ పిల్లలకి క్యాబ్ ఖర్చు తప్పుతుంది కదా?
— ఇందిరానగర్ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, నమస్కారం. కీచు శబ్దం గురించి ముందు. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే లెక్కన తిరగాలి. మలుపులో బయటి పట్టా పొడవెక్కువ, లోపలి పట్టా తక్కువ. ఆ తేడా సర్దుకోవడానికే చక్రాన్ని కాస్త ఏటవాలుగా, గరాటు ముక్కలా చెక్కుతారు. మామూలు వంపులకి ఆ ఏటవాలు సరిపోతుంది. మలుపు మరీ బిగువుగా ఉంటే చాలదు, చక్రం ఇనుము మీద జారుతుంది. మీకు వినిపించేది ఆ జారుడే. పట్టా అంచుకి గ్రీజు రాయడం, పట్టా తలని మళ్లీ సానపట్టడం, చక్రాన్ని డిపోలో లేత్ మీద చెక్కడం, ఇవీ మందులు. మీరు రాత్రి వింటున్న గోలలో పగటి గోలకి మందు కూడా ఉండొచ్చు. అయినా నిద్ర నిద్రే. మీ సంక్షేమ సంఘం తరఫున, ఏ తేదీన పని ఉంటుందో ముందుగా చెప్పమని లిఖితపూర్వకంగా అడగండి. అది న్యాయమైన కోరిక.

రాత్రంతా నడపమన్నారు. న్యూయార్క్‌లో నడుపుతారు. అక్కడ చాలా లైన్లలో రెండు కాదు, మూడు నాలుగు పట్టాల దారులు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్ని మూసి ఇంకో దాని మీద నడపగలరు. మనకి పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అంతే.

రాత్రి సంగతి చెబుతాను. ఆఖరి రైలు పదకొండు దాటాక చివరి స్టేషన్ చేరుతుంది. అది డిపోకి వెళ్లాలి. తర్వాత కంట్రోల్ రూమ్ కరెంటు ఆపుతుంది. ఆగిందని మాట మీద నమ్మం, కొలిచి చూసుకుని, ఎర్త్ చేసి, అప్పుడు పట్టాల మీదికి దిగుతాం. పొద్దున అయిదుకి మొదటి రైలు. దానికి ముందు మనుషులందరూ పైకి రావాలి, కరెంటు తిరిగి ఇవ్వాలి, రైళ్లు డిపో నుంచి బయటికి రావాలి. ఇవన్నీ తీసేస్తే చేతిలో నికరంగా మూడు గంటలు మిగిలితే అదృష్టం. ఆ మూడు గంటల్లో పట్టా లోపల పగుళ్లు ఉన్నాయేమో అల్ట్రాసౌండ్‌తో చూడాలి, క్లిప్పులు చూడాలి, రైలుని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పాయింట్ మిషన్లకి నూనె పెట్టాలి, సిగ్నల్ వాళ్లకి వాళ్ల పని, కరెంటు వాళ్లకి వాళ్ల పని.

ఒక రాత్రి జరిగింది చెప్పాలి. ఏ లైన్ అనేది వదిలేయండి. మేం పనికి దిగేటప్పుడు ప్రతి పనిముట్టూ లెక్కపెట్టి రాసుకుంటాం, పైకి వచ్చేటప్పుడు మళ్లీ లెక్క. ఆ రాత్రి పద్దెనిమిది దిగాయి, పదిహేడు వచ్చాయి. ఒక స్పానర్ లేదు. టైం మూడూ నలభై. అందరం టార్చిలు పట్టుకుని, మూడు వందల మీటర్లు మోకాళ్ల మీద వెతికాం. కొత్తగా చేరిన కుర్రాడు ఏడుపు మొఖం పెట్టాడు, వాడి చేతిలోదే అది. నాలుగూ పది దాటాక కాంక్రీటు కాలువలో, వాన నీళ్లు పోయే చోట దొరికింది. దొరక్కపోతే మొదటి రైలు ఆపమని నేను ఫోన్ చేయాల్సిందే. ఆ ఫోన్ చేయడానికి నంబరు కూడా నొక్కి పెట్టుకున్నాను. ఆ కుర్రాడు ఇవాళ సూపర్‌వైజర్. వాడి బ్యాచ్‌లో పనిముట్ల లెక్క ఎవరు తప్పినా ఊరుకోడని విన్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. 2025 జనవరి నుంచి బెంగళూరులో సోమవారాలు మొదటి రైలు 4.15కే మొదలుపెట్టారు. ఆదివారం రాత్రి గుంతకల్లులోనో కర్నూలులోనో రైలో బస్సో ఎక్కి, సోమవారం తెల్లారకముందే మెజెస్టిక్‌లో సంచులతో దిగే మనవాళ్లకి అది ఎంత మేలో నాకు తెలుసు. కానీ ఆ ముప్పావు గంట ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? రాత్రి పనివాళ్ల మూడు గంటల్లోంచి. ఇవ్వదగ్గదే, ఇచ్చారు. రాత్రంతా ఇవ్వమంటే మాత్రం నేను ఒప్పుకోను మాస్టారూ.

ప్రశ్న: సార్, మాది విజయవాడ, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. మన ఊళ్లకి మెట్రో కావాలని ఒకరు, లైట్ రైల్ చాలని ఒకరు వాదించుకుంటారు. అసలు తేడా ఏమిటి? చెన్నైలో ఒకప్పుడు ట్రామ్ ఉండేదట, అదే మళ్లీ తెస్తే పోలేదా?

జవాబు: ఉండేదమ్మా. మద్రాసులో కరెంటు ట్రామ్ 1895లో మొదలైంది, మన దేశంలో అదే మొదటిది. 1953లో ఆగిపోయింది. లైట్ రైల్ అంటే ఆ ట్రామ్‌కి మనవరాలు అనుకోండి. కోచ్‌లు తేలిక, రైలు పొట్టి, మలుపులు బిగువుగా తిరగగలదు, ఎక్కువగా రోడ్డు మట్టంలోనే పోతుంది కాబట్టి స్తంభాలు, సొరంగాల ఖర్చు తగ్గుతుంది. మెట్రో దారిలోకి ఇంకెవరూ రారు. లైట్ రైల్ కూడళ్లలో మాత్రం బస్సులతో, ఆటోలతో కలిసి సిగ్నల్ పంచుకోవాలి. బెంగళూరుకి కూడా 1990లలో ముందు ఆలోచించింది స్తంభాల మీద లైట్ రైలే, మెట్రో తర్వాత వచ్చింది.

ఏది కావాలో తేల్చడానికి వాదన అక్కర్లేదు, మనుషుల్ని లెక్కపెట్టాలి. ఆ దారిలో, బాగా రద్దీగా ఉండే గంటలో, ఒకే దిక్కుకి ఎంతమంది పోతారు? బస్సులో డెబ్బై మంది, నిమిషానికో బస్సు అనుకుంటే గంటకి 4,200. బెంగళూరు ఆరు కోచ్‌ల మెట్రోలో సుమారు 2,000 మంది పడతారు, మూడు నిమిషాలకి ఒకటి నడిపితే గంటకి 40,000. కేంద్ర ప్రభుత్వం 2019లో ఇచ్చిన మెట్రోలైట్ (లైట్ రైల్ లాంటిదే) నిబంధనలు గంటకి 15,000 వరకు ఉండే దారుల కోసం. 2020లో మెట్రోనియో అని ఇంకొకటి చెప్పారు, రబ్బరు టైర్లతో, పైన కరెంటు తీగతో నడిచే పొడవాటి బస్సు లాంటిది, 8,000 వరకు. గంటకి నాలుగైదు వేలమంది దాటని దారిలో మెట్రో కడితే ఏమవుతుంది? రైళ్లు ఖాళీగా పోతాయి, ఖర్చు భరించలేక రైళ్లు తగ్గిస్తారు, పదిహేను నిమిషాలకి ఒకటి అవుతుంది, అప్పుడు ఉన్నవాళ్లు కూడా బైకు తీస్తారు. పెద్ద రైలు తెచ్చి అరగంటకొకటి నడిపే కంటే చిన్న రైలు తెచ్చి ఐదు నిమిషాలకొకటి నడపడం మేలు. మా వాళ్లలో చాలామంది దీన్ని ఒప్పుకోరు. వాళ్లకి పెద్దది కట్టామన్న పేరు కావాలి.

కానీ లైట్ రైల్ అడిగేవాళ్లు ఒక మాటకి సిద్ధపడాలి. రోడ్డు మధ్యలో రెండు వరసలు దానికి వదిలేయాలి, ఎవరి కారూ అందులోకి రాకూడదు. కూడలిలో దాని సిగ్నలే ముందు పచ్చగా మారాలి. లేకపోతే ఒక కూడలిలో రెండు నిమిషాలు ఆగిన రైలు, తర్వాతి స్టేషన్‌లో ఎక్కువ మందిని ఎక్కించుకోవాలి, ఇంకా ఆలస్యమవుతుంది, వెనకది ఖాళీగా వచ్చి దాని తోకకి తగులుకుంటుంది. పది నిమిషాలకొకటి రావాల్సినవి ఇరవై నిమిషాలకి రెండు వస్తాయి. సిటీ బస్సుల్లో రోజూ చూస్తున్నదే ఇది. విజయవాడ ఏలూరు రోడ్డులో ఆ రెండు వరసలు వదలమని అడిగే ధైర్యం ఎవరికి ఉందో వాళ్లే లైట్ రైల్ గురించి మాట్లాడాలి.

ఇంకో మాట, ఏది కట్టినా మధ్యలో ముక్క కలవకపోతే లాభం సగమే. మీ వేళచ్చేరి స్టేషనే చూడండి. ఆ స్తంభాల మీది రైలు 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా మొదలై, 2007 నవంబరుకి వేళచ్చేరి చేరింది. అక్కడి నుంచి సెయింట్ థామస్ మౌంట్ ఐదు కిలోమీటర్లే. అక్కడ లోకల్ రైలు, మెట్రో రెండూ అందుతాయి. కానీ అర కిలోమీటరు భూమి గొడవతో ఏళ్ల తరబడి పని ఆగిపోయింది. బెంగళూరులోనూ 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్. పురం దాకా రైలు వచ్చింది, అవతల బైయప్పనహళ్లి నుంచి పాత లైన్ ఉంది, మధ్యలో రెండు కిలోమీటర్లు లేదు. రైల్వే పట్టాల మీదుగా పెద్ద ఇనప గర్డరు పెట్టాల్సి ఉంది అక్కడ. ఆ ఆరున్నర నెలలు మేం దిగి, బస్సెక్కి, మళ్లీ ఎక్కేవాళ్లం. అక్టోబరు 9న ఆ ముక్క కలిసిన రోజు పొద్దున్నే నేను ఊరికే కడుగోడి నుంచి మెజెస్టిక్ దాకా వెళ్లి వచ్చాను. కోచ్‌లో తెలియనివాళ్లు కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు.

ప్రశ్న: అంకుల్, నా ఫోన్ ప్లాట్‌ఫామ్ మీది నుంచి పట్టాల మీద పడింది. దిగబోతే సెక్యూరిటీ అతను గట్టిగా అరిచాడు. నలుగురిలో పరువు పోయింది. హైదరాబాద్‌లో కరెంటు పైన తీగలోనే ఉంటుంది కదా, ఇక్కడ ఎందుకంత భయం?
— బి.టెక్. విద్యార్థిని, కె.ఆర్. పురం

జవాబు: తల్లీ, ఆ అరిచిన అతనికి వెళ్లి దండం పెట్టు. హైదరాబాద్, చెన్నై మెట్రోల్లో కరెంటు పైతీగలో, 25,000 వోల్టులు. బెంగళూరులో పట్టాల పక్కనే నేలకి దగ్గరగా ఇంకో పట్టా ఉంటుంది, పైన మూత వేసి. అదే థర్డ్ రైల్, 750 వోల్టుల డీసీ. అంకె చిన్నదని అనుకోకు, ముట్టుకుంటే మనిషి బతకడం కష్టం. పైతీగ లేకపోవడం వల్ల సొరంగం ఎత్తు తగ్గుతుంది, ఊరి మధ్య తీగలు కనపడవు, అది దీని లాభం. సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా పెట్టుకోవాల్సి రావడం నష్టం.

2024 జనవరిలో ఇందిరానగర్ స్టేషన్‌లో ఒకామె ఇలాగే ఫోన్ కోసం దిగింది. సిబ్బంది అత్యవసర స్విచ్ నొక్కి కరెంటు ఆపారు కాబట్టి బతికి బయటపడింది. ఏది పడినా స్టేషన్ వాళ్లకి చెప్పు. వాళ్ల దగ్గర పద్ధతి ఉంది, తీసి ఇస్తారు.

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లె. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో వంట చేస్తాను, ఇల్లు బైయప్పనహళ్లి అవతల. మెట్రో చార్జీ పెంచినప్పటి నుంచి నెలకి బాగా తేడా వస్తోంది. పేదవాళ్ల కోసం కాదా ఇది? (మా అమ్మాయి రాసిపెట్టింది.)

జవాబు: చెల్లెమ్మా, నీలాంటివాళ్ల కోసమే. 2025 ఫిబ్రవరిలో పెంచినప్పుడు గరిష్ఠ చార్జీ 60 నుంచి 90 రూపాయలైంది. ఏళ్ల తరబడి పెంచకుండా ఉంచి ఒక్కసారి పెంచారు, అదే దెబ్బ. కరెంటు బిల్లు, జీతాలు, కట్టడానికి తెచ్చిన అప్పు తీర్చాలి, అవన్నీ నిజమే. కానీ ఏటా కొద్దికొద్దిగా పెంచితే మనుషులు సర్దుకుంటారు. నెల జీతం ముందే లెక్కపెట్టుకునే ఇంట్లో ఒకేసారి పెంపు తట్టుకోవడం కష్టం.

రెండు పనులు చేసుకో. టోకెన్ కొంటుంటే మానేసి స్మార్ట్ కార్డు తీసుకో, 5 శాతం తగ్గుతుంది. పొద్దున ఎనిమిదికి ముందు, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య, రాత్రి తొమ్మిది తర్వాత ఎక్కితే ఇంకో 5 శాతం. నాకైతే ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. అరవై రూపాయల టికెట్టు మీద మూడు రూపాయలు తగ్గితే ఎవరు పనివేళ మార్చుకుంటారు? మధ్యాహ్నం రైలు సగం ఖాళీగా పోతుంది, కరెంటు మాత్రం ఖర్చవుతుంది. ఆ వేళల్లో పాతిక శాతం తగ్గించి చూడాలని నేను చాలాసార్లు చెప్పాను. రెండోది, సిటీ మామూలు బస్సులో ఆడవాళ్లకి ఉచితం, 2023 జూన్ నుంచి. కానీ కర్ణాటక అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు కావాలి. నీ ఆధార్ ఇంకా మదనపల్లె అడ్రసుతోనే ఉంటే, ఇక్కడ స్థిరపడ్డావు కాబట్టి మార్పించుకో. దగ్గర దూరానికి బస్సు, దూరానికి మెట్రో అని పంచుకుంటే నెలాఖరుకి తెలుస్తుంది.

ప్రశ్న: సార్, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. మెట్రోలో ఉద్యోగం ఎలా?
— పెనుకొండ

జవాబు: ఐటీఐ వాళ్లకి మెయింటెయినర్ పోస్టులు, డిప్లొమా వాళ్లకి జూనియర్ ఇంజినీర్, స్టేషన్ కంట్రోలర్, ట్రైన్ ఆపరేటర్ లాంటివి వస్తాయి. నోటిఫికేషన్ మెట్రో సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చూడు. మధ్యలో డబ్బు అడిగేవాడు ఎవడైనా మోసగాడే. బెంగళూరు అనుకుంటే ఇవాళే కన్నడ మొదలుపెట్టు. పెనుకొండ వాడివి, సగం వచ్చే ఉంటుంది. రాత్రి డ్యూటీలు ఉంటాయని ఇంట్లో ముందే చెప్పు.

ప్రశ్న: అయ్యా, మా ఆయనకి గుండె ఆపరేషన్ కోసం వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆస్పత్రికి రమ్మన్నారు. అనంతపురం నుంచి రైల్లో వస్తాం. ఊరు కొత్త. ఆటోవాళ్లంటే భయం. మెట్రోలో పోవచ్చా?

జవాబు: హాయిగా పోవచ్చమ్మా. ఆస్పత్రి పేరుతోనే స్టేషన్ ఉంది, శ్రీ సత్యసాయి హాస్పిటల్ అని. మీ రైలు బెంగళూరు సిటీ స్టేషన్‌లో ఆగితే, బయటికి వచ్చి ఊదా రంగు లైన్ మెట్రో ఎక్కండి. బోర్డు మీద వైట్‌ఫీల్డ్ కడుగోడి అని ఉన్న వైపు. ఎక్కడా మారక్కర్లేదు, గంట పట్టవచ్చు. కె.ఆర్. పురంలో ఆగే రైలైతే ఇంకా మంచిది, అక్కడ దిగి పక్కనే కృష్ణరాజపుర మెట్రో స్టేషన్‌లో అదే లైన్ ఎక్కండి, దూరం సగానికి పైగా తగ్గుతుంది. టికెట్ తీసుకునేటప్పుడే మీ రైలు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. ఎస్.ఎం.వి.టి. అని బైయప్పనహళ్లి కొత్త టెర్మినల్‌లో దింపే రైలు వద్దు. అంత పెద్ద స్టేషన్ కట్టారు గానీ, మెట్రోకి సామానుతో, జబ్బు మనిషితో నడిచి పోయేంత దగ్గర కాదు. నాకు ఇప్పటికీ అది మనసుకి కష్టంగానే ఉంటుంది.

ప్రతి స్టేషన్‌లో లిఫ్టు ఉంటుంది, ఆయన్ని మెట్లు ఎక్కనివ్వకండి. స్టేషన్‌లో అడిగితే వీల్‌చైర్ ఇస్తారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా వైట్‌ఫీల్డ్ వైపు చాలా రద్దీ, ఆ వేళ తప్పించండి. మీ ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంది కాబట్టి బయల్దేరే ముందు నేనే మాట్లాడతాను. కడుగోడి నుంచి మీ స్టేషన్ నాకు దగ్గరే, కిందికి వచ్చి నిలబడతాను.